మగ్గం గుంటలో నీళ్లు

గద్వాలలో మా వీధి భయపడడానికి ఏడాదిలో ఒక రోజు పెట్టుకుంది. దసరా వెళ్లాక వచ్చే పౌర్ణమి అది. మిగతా రోజుల్లో పిడుగు పడినా తల తిప్పి చూడని మనుషులు ఆ రోజు మంచం దిగే ముందు అరచేత్తో నేల తడిమి చూసుకుంటారు.

వరద వచ్చింది ఆ పౌర్ణమికే. ఆ ఏడు మా దగ్గర చినుకు లేదు, ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. పైన కర్ణాటకలో ఎక్కడో కురిసిన వానకు నది నిండి, వాగు ఎగదన్ని, మధ్యాహ్నం వేళ నీళ్లు మా పల్లపు వీధిలోకి వచ్చాయి. వీధిలోకి రాకముందే ఇళ్లలోకి వచ్చాయి. మా వీధి నిండా గుంటమగ్గాలు. నేలలో గుంట తవ్వి, అడుగున బండ పరిచి, నేసే మనిషి అందులోకి కాళ్లు దించుకుని కూర్చుంటాడు. ఆ రోజు నీళ్లు ముందుగా ఆ గుంటల్లో ఊరాయి. పాదాలు ఎందుకు తడిశాయో నేసేవాళ్లకు అర్థమయ్యేలోపే గడపలు మునిగాయి. అప్పటి నుంచి మా వీధి వాతావరణ వార్తలను నమ్మదు. ఆకాశాన్నీ నమ్మదు. గుంటను నమ్ముతుంది.

ఆ వరదలో వీధంతా మా మేడ ఎక్కింది.

మాది పెద్ద ఇల్లు. ఇప్పుడు గోడలు మాత్రమే పెద్దవి. అయిజ దాకా మా భూములుండేవి. మల్దకల్ జాతరకు మా బండ్లు బారులు తీరి వెళ్లేవట. ఆ బండ్లను నేను చూడలేదు గానీ బండ్ల మీద కూర్చున్నట్టే కూర్చోవడం నాకు చిన్నప్పుడే నేర్పారు. నాగర్‌కర్నూల్‌లో చాలా ఏళ్లు ఆడపిల్లలకు లెక్కలు చెప్పి వచ్చాను. అన్నేళ్లలో ఒక్కరోజు కూడా కుర్చీకి వీపు ఆనించలేదు. ఇప్పుడు కింద ముందు గదుల్లో ఒకటి జిరాక్స్ కొట్టు, ఒకటి చెప్పుల కొట్టు. వెనక నేను. పైన మా తాతగారు దర్బారు చేసిన హాలు. దాన్ని ఎవరికీ అద్దెకివ్వలేదు. వీధి ఎక్కింది దాంట్లోకే.

ఎక్కినవాళ్లు తిండి తెచ్చుకోలేదు. ఎవరో బొరుగుల మూట ఒకటి నెత్తిన పెట్టుకొచ్చారు, అదీ సగం తడిసింది. తడిసిన బొరుగులను పిండి, మా పొయ్యి మీద ఉల్లిగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసి ఉగ్గాని చేశారు. నీళ్లు తగ్గేదాకా అదే తిన్నారు. ఆ మరుసటి ఏడు పౌర్ణమి వచ్చేసరికి నీళ్లు రాలేదు, మనుషులు మాత్రం వచ్చారు. "ఏమో అమ్మా, ఎందుకైనా మంచిదని" అంటూ బంగారం, పట్టాకాగితాలు, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. బొరుగులు కూడా తెచ్చారు. ఆ పై ఏడు మిరపకాయ బజ్జీలు చేరాయి. ఆ పై ఏడు ఎవరో పాటలు పెట్టారు. భయం మెల్లమెల్లగా పండుగ బట్టలు కట్టుకుంది, నీళ్లదినం అని పేరు కూడా పెట్టుకుంది. కానీ లోపల భయం భయమే. బజ్జీ నములుతూనే ఒక్కొక్కరు లేచి కిటికీలోంచి వాగు వైపు చూసి వచ్చి కూర్చునేవారు.

నేను ఎవరినీ పిలవలేదు ఎప్పుడూ. పిలవడం మా ఇంట్లో లేదు. తలుపు తీసి పెట్టడం ఉంది. మెట్లు కడిగించి, హాలులో జంపఖానాలు పరిపించి, తాతగారి కుర్చీలో కూర్చునేదాన్ని. మొదటి పళ్లెం నాకు తెచ్చి ఇచ్చేవారు. ఏడాదిలో మిగిలిన అన్ని రోజులూ నేను కరెంటు బిల్లు కట్టే రిటైరైన పంతులమ్మను. ఆ ఒక్క పూట దొరసానిని.

పోయిన ఏడు ఆ పూటకే ముప్పు వచ్చింది.

అయిజ నుంచి వచ్చిన విత్తనాల వ్యాపారి ఒకాయన మా వీధి మొగదాల మూడంతస్తుల ఇల్లు కట్టాడు. గచ్చు అద్దంలా ఉంటుంది. కార్ల కోసం నేల కింద సెల్లారు. ఇంటికి లిఫ్టు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకునేదాన్ని. దసరా మరునాడు జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరితో అన్నాడట: "ఈ తాప నీళ్లదినానికి మా బిల్డింగు మీదికి రాండ్రి. లిఫ్టున్నది, పైన రేకుల షెడ్డున్నది, బాత్రూములున్నయి. మోకాళ్లు నొప్పులున్నోళ్లకు పరేషాను లేదు."

మా ఇంటికీ వచ్చాడు. జమ్మి చేతిలో పెట్టి, "మీరు గూడ రావాలె దొరసానమ్మా" అన్నాడు.

"ఆ రోజు మా ఇంట్లో పని ఉంటది" అన్నాను.

మా పక్కింటి అక్క ఈ సంగతి నాకు రెండోసారి చెప్పడానికి గోడ మీంచి తల పెట్టింది. ఆమెదీ ఆమె భర్తదీ ఒక్కటే మగ్గం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేస్తారు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఈ పక్క అంచు ఒకరు, ఆ పక్క అంచు ఒకరు చూసుకోవాలి. ఆమె నాకంటే పెద్దది. చిన్నప్పటి నుంచీ నన్ను దొరసానీ అనే పిలుస్తుంది గానీ ఆ పిలుపులో ఒక చిటికెడు ఉప్పు ఉంటుంది.

"నా మోకాళ్ల సంగతి నీకు తెల్వందేముంది దొరసానీ. మీ మెట్లు మీ తాత గుర్రాల కోసం కట్టిచ్చిండా, మనుషుల కోసం కట్టిచ్చిండా?"

"మనుషుల కోసమే. అప్పుడు మనుషులు గట్టిగుండిరి అక్కా."

"గట్టిగున్నోళ్లంత పోయిరి. మాలాంటోళ్లం మిగిల్తిమి. లిఫ్టుల పోతె ఎట్లుంటదో ఒకపారి సూడాలె గద?"

"చూడు. ఎవరొద్దన్నారు?"

"వద్దంటవేమో అనుకున్న" అని, నా మొహం చూసి, నవ్వి తల దించేసింది.

ఆ రాత్రి వనపర్తి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ప్రతి ఏడూ పౌర్ణమి ముందు చేస్తాడు. వాడి ఆలోచన ఎప్పుడూ ఒకటే.

"అక్కా, ఈ తాపనన్న మా దగ్గరికి రా. మాకు పక్కన్నే ఖిల్లా ఘణపూర్ కొండ. నీళ్లొస్తె కార్ల ఎక్కిచ్చుకొని పోయి ఖిల్లా మీద కూర్చోబెడ్త."

"నేను నా ఇంటి మీద కూర్చుంటా."

"నీ ఇల్లు నువ్వు కూర్చునేదాక ఆగుతదా అంట?"

ఫోన్ పెట్టేశాను. వాడి ఇల్లు కూడా అదే అని వాడికి గుర్తు చేయలేదు.

పౌర్ణమి నాడు పొద్దున్నే మెట్లు కడిగించాను. మామూలు కంటే ఒక బకెట్టు ఎక్కువే పోయించాను. జంపఖానాలు దులిపించాను. కుర్చీ తుడిచాను. పదకొండయింది. ఎవరూ రాలేదు. ప్రతి ఏడూ ఈ పాటికి ఒకరైనా గ్యాస్ స్టవ్ మోసుకొచ్చేవారు. కిటికీలోంచి చూస్తే వీధి మొగదాల ఆ కొత్త ఇంటి మీద రంగు కాగితాలు కడుతున్నారు. కింద లిఫ్టు కోసం పిల్లలు వరుస కట్టారు. పైకి పోవడం, కిందికి రావడం, మళ్లీ వరుసలో నిలబడడం. వాళ్ల వెనక పెద్దవాళ్లు కూడా నిలబడడం నేను చూశాను, చూడనట్టు కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాను. అంత పెద్ద హాలులో నా నడక చప్పుడు నాకే వినిపించింది. ఈ ఏడు వీళ్లు రాకపోతే ఇక రారు. మెట్లు కడిగించడానికి నాకు మరో కారణం ఉండదు.

అప్పుడు పక్కింటి అక్క కొత్త కోడలు వచ్చింది. మల్దకల్ దగ్గరి మెట్ట పల్లె పిల్ల. వాళ్ల నాన్నకు చేను ఉంది, మగ్గం అంటే ఏమిటో ఆ పిల్లకు పెళ్లయ్యాకే తెలిసింది. అత్త సంతకు పోయింది, మామ కునుకు తీస్తున్నాడు, భర్త చీరలు పట్టుకుని వనపర్తి పోయాడు.

"ఎవలూ లేరా దొరసానమ్మా? నేను ఊడుస్తనియ్యి" అని చీపురు అందుకుంది.

"మీ అత్త లిఫ్టు దగ్గర వెతుక్కుంటది నిన్ను."

"నాకు లిఫ్టంటె కడుపుల తిప్పుతది. పొద్దుగాల ఎక్కి సూసిన."

ఊడ్చిన హాలునే మళ్లీ ఊడ్చింది. నేను కూడా ఆపలేదు. ఒక మనిషి చీపురు చప్పుడు ఎంత నిండుగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

సరిగ్గా అప్పుడే కింద పక్కింట్లోంచి కేక వచ్చింది. అక్క గొంతు. సంత నుంచి వచ్చి, మగ్గంలో కూర్చుని, గుంటలోకి కాళ్లు దించిందట.

"నీళ్లొచ్చినయ్! ఓరి నాయినో! గుంటల నీళ్లొచ్చినయ్!"

వీధి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

ఎవరో "కరెంటు బంద్ చేయుండ్రి" అని అరిచారు. వరద ఏడు తీగలు నీళ్లలో పడి భయపడ్డారు కనుక అది మా వీధి మొదటి నియమం. ఎవరో పోయి వీధి మొత్తానికి కరెంటు తీసేశారు. పాట మధ్యలో తెగింది. ఆ తర్వాత వినిపించినవి కాళ్ల చప్పుళ్లు. అవి ఎటు వెళ్తున్నాయా అని నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మా మెట్ల మీద మొదటి అడుగు పడింది.

తర్వాత తెలిసింది, ఎవరూ ఆలోచించలేదట. కొత్త ఇంటి ముందు లిఫ్టు వరుసలో నిలబడ్డవాళ్లు కూడా వెనక్కి తిరిగి మా ఇంటికే ఉరికారు. అక్కడ సెల్లారు ఉంది, నీళ్లు ముందు దాంట్లోకే పోతాయని ఒకామె అన్నదట. అసలు కారణం అది కాదనుకుంటాను. ఏటేటా ఎక్కిన కాళ్లు. అవి మనిషిని అడగవు.

జిరాక్స్ కొట్టతను మిషను మోసుకొచ్చాడు. ఒకామె గ్రైండరు తెచ్చింది, దానిలో సగం రుబ్బిన పిండితో సహా. ఒక ముసలాయన పెళ్లి ఫొటో తెచ్చాడు, పెళ్లాన్ని మరిచిపోయాడు. ఆమె వెనక నుంచి "నన్నెవడు తెస్తడు ముసలోడా?" అంటూ తనే ఎక్కి వచ్చింది. రెండు మేకలు ఎవరూ తోలకుండానే అందరికంటే ముందు ఎక్కి తాతగారి కుర్చీ దగ్గర నిలబడ్డాయి. చెప్పుల కొట్టతనికి ఈత రాదు. ఆయన ఈ రోజు కోసమే ఒక ట్రాక్టరు ట్యూబు కొని గాలి నింపి దాచుకున్నాడు. దాన్ని నడుముకు తొడుక్కుని ఎక్కబోయి మెట్ల మధ్యలో ఇరుక్కుపోయాడు. వెనక వీధంతా ఆగిపోయింది.

"గాలి తియ్యిరా!"

"తీస్తె మునుగుత!"

"మెట్ల మీద ఎట్ల మునుగుతవ్‌రా? మేము మునుగుతం కింద!"

ఎవరో వెనక నుంచి బిరడా పీకారు. అంత పెద్ద ట్యూబు మెట్ల గోడల మధ్య బుస్సుమని మోగుతుంటే చిన్నపిల్లలు ఒకటే నవ్వు. భయంతో ఏడుస్తున్న ఒక పాప ఏడుపు మరిచి నవ్వింది. ఆ పాపను చూసి తల్లి నవ్వింది. ఆ నవ్వు మెట్ల మీద పై నుంచి కింది దాకా దిగింది. నేను పైన నిలబడి "మెల్లగా, మెల్లగా, ఇల్లు ఎక్కడికీ పోదు" అంటున్నాను. నా గొంతు మా నాయనమ్మ గొంతులా ఉంది. దాచుకోవడం ఎందుకు, వరద వచ్చిందని గద్వాలలో సంతోషించిన మనిషిని ఆ పూట నేనొక్కదాన్నే. మొహంలో కనబడకూడదని పెదవులు బిగించాను.

చివరికి వ్యాపారి కూడా వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. కరెంటు తీసినప్పుడు ఆయన లిఫ్టులో ఉన్నాడట, అంతస్తుకీ అంతస్తుకీ మధ్యలో. వాచ్‌మన్ తలుపు లాగి దించాడు.

"జర మంచినీళ్లియ్యుండ్రి దొరసానమ్మా" అని జంపఖానా మీద కూలబడ్డాడు.

"మీ బిల్డింగు మీద ఎవరున్నారు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎవలున్నరు? అందరు ఇటే ఉరికిరి. నేనొక్కన్నే ఏం జేయాలె ఆడ?"

నీళ్ల చెంబు నా చేత్తోనే ఇచ్చాను.

ఆ సందడిలో ఎవరో నా చీర కొంగు లాగారు. పక్కింటి కోడలు. కేక విని కిందికి ఉరికి, ఇంట్లో చూసి మళ్లీ పైకొచ్చింది.

"దొరసానమ్మా, గుంటల నీళ్లెట్ల వస్తయి?"

"కిందికెళ్లి ఊరుతయి."

"ఎవలన్న పోస్తె?"

నేను ఆ పిల్ల వైపు తిరిగాను. "ఎవరు పోస్తారు?"

"పొద్దుగాల మా అత్త సంతకు పోతా చెప్పింది. గాలి ఎండిపోయున్నది, దారాలు తెగుతున్నయి, గుంటల ఇన్ని నీళ్లు పెట్టుమన్నది. నేను పెట్టిన."

"ఎన్ని?"

"మా ఊర్ల నీళ్లు పెట్టుడంటె మడి నిండెదాక పెట్టుడే గద దొరసానమ్మా. సగం పెడితె మా నాయిన ఊకుంటడా? గుంట గూడ అట్లనే అనుకున్న. బిందెలకు బిందెలు పోసిన. ఇంకా నిండకపాయె అని ఇంత బాధపడితి."

నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. మగ్గం గుంటలో నీళ్లు చిలకరిస్తారు. చల్లదనానికి నూలు మెత్తబడి తెగకుండా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పక్కింట్లో చూస్తున్నాను. మెట్ట చేన్లో పుట్టిన పిల్లకు ఇది ఎవరూ చెప్పలేదు. నీళ్లు దొరికినప్పుడు భూమికి కడుపు నిండా పెట్టాలన్నది ఒక్కటే ఆ పిల్లకు తెలుసు. ఆ పిల్ల ప్రేమకు గద్వాలలో ఒక వీధి మునిగిపోయింది.

"ఇప్పుడెట్ల? అత్త సంపుతది. వీధంత నన్ను జూసి నవ్వుతది. నీళ్ల కోడలు అంటరు సచ్చెదాక."

అంటారు. నాకు మా వీధి తెలుసు. ఒకసారి పేరు పెడితే మనవరాళ్ల పెళ్లిలో కూడా అదే పేరు.

చుట్టూ చూశాను. హాలు నిండిపోయింది. అప్పటికే ఎవరో స్టవ్ వెలిగించారు. ఉల్లిగడ్డల వాసన మొదలైంది. ఇంకొంచెం సేపు నేను నోరు మూసుకుంటే చాలు. నీళ్లు రావు, రానందుకు అందరూ సంతోషిస్తారు, సాయంత్రం దిగిపోతారు. ఏటేటిలాగే. గుంట నీళ్లు ఎందుకు వచ్చాయో నది చూసుకుంటుంది. నాకూ ఆ పిల్లకూ నష్టం లేదు.

"మీ అత్త ఏది?" అన్నాను.

అక్క పైకి రాలేదు. ఆమె భర్తా రాలేదు.

"మగ్గం కాడ ఉన్నరు. మామ కత్తెర దేవులాడుతుండు. పడుగు కోసి చుట్టుకొని వస్తరంట."

పడుగు అంటే మగ్గం మీద సాచిన నిలువు దారాలు. వరద ఏడు అక్క వాటిని మగ్గం మీదే వదిలి వచ్చింది. అంచు ఎరుపు దిగి తెల్ల నూలు మొత్తం పాడైంది. అందుకే ఈసారి కోసైనా పట్టుకొస్తానంటోంది. మగ్గం మీద పెళ్లి చీర ఉంది. జానెడు నేస్తే అయిపోతుంది. కోస్తే ఆ చీర ఇక చీర కాదు. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని నేసిన రోజులన్నీ పోతాయి.

నేను పరుగెత్తాను.

నేను ఎప్పుడూ పరుగెత్తలేదు. చిన్నప్పుడు కూడా మా నాయనమ్మ పరుగెత్తనివ్వలేదు. మెట్ల మీద కూర్చున్న గ్రైండరునూ దారిలో పడి ఉన్న ట్యూబునూ దాటుకుంటూ, చీర కుచ్చిళ్లు చేత్తో పైకి పట్టుకుని దిగాను. నన్ను ఆ తీరులో చూసి పైనున్న జనం నీళ్లు ఇంకా ఎక్కువ వచ్చాయనుకుని నా వెనకే సగం మంది దిగారు. మిగతా సగం కిటికీలకు అతుక్కున్నారు. మేకలు కూడా దిగాయి.

అక్క చేతిలో కత్తెర. భర్త పడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"కొయ్యకు!"

"నువ్వేంది దొరసానీ కిందికొచ్చినవ్? ఎక్కు ఎక్కు, నీళ్లొచ్చినయ్!"

"నీళ్లు రాలేదక్కా. ఇవి వరద నీళ్లు కావు."

"మరెవలియ్?"

నా వెనక గుమ్మంలో వీధి నిలబడి ఉంది. వాళ్ల వెనక ఎక్కడో ఆ పిల్ల. అక్క కత్తెర పడుగు మీదే ఉంది.

"మా ఇంటివి" అన్నాను. "మా గోడల పైపు పలిగింది. మా ఇల్లు కారుతుంది."

మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనని మాట అది. భూములు పోయినప్పుడు అమ్ముకున్నామని అన్నాం, పోయాయని అనలేదు. బండ్లు పోయినప్పుడు కార్లు వచ్చాయి కదా అన్నాం, కారు కొనకపోయినా. గోడ పగిలితే రంగు పాతబడింది అన్నాం. కారుతుంది అని మాత్రం అనలేదు.

అక్క కత్తెర దించింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"మీ ఇల్లు కారుతదా?"

"కారుతది."

"ఎన్నేండ్ల సంది?"

"చాలా ఏండ్ల సంది."

"కారుతనే ఉన్న ఇంటి మీద మమ్మల్ని ఎక్కిచ్చుకొని కూర్చోబెడుతున్నవా ఇన్నేండ్ల సంది?"

తల నిటారుగానే ఉంచుకుని, "అవును" అన్నాను.

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. చెప్పుల కొట్టతను, గాలి పోయిన ట్యూబు ఇంకా భుజాన వేసుకుని, "అంటే నేను దొరసానమ్మ పైపు నీళ్లకు ట్యూబేసుకున్ననా?" అన్నాడు. అంతే. వీధంతా పడి పడి నవ్వింది. అక్క భర్త పడుగు వదిలేసి మగ్గం పలక మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అక్క మాత్రం వెంటనే నవ్వలేదు. "గింత పెద్దిల్లు పెట్టుకొని పైపు బాగు చేయిచ్చుకోరాదా? సిగ్గు లేదా నీకు? నా పాణం పోయింది గద!" అని నన్ను తిట్టింది. నన్ను ఎవరైనా తిట్టి ఎన్నేళ్లయిందో. మా నాయనమ్మ పోయాక ఎవరూ ఆ ధైర్యం చేయలేదు. ఆ తిట్టు చెవిలో పడుతుంటే తల తిరిగినట్టయింది, కానీ హాయిగా తిరిగింది. నాకూ నవ్వు వచ్చింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. గుంట అంచు పట్టుకుని, కుచ్చిళ్లు తడుపుకుని, కడుపు పట్టుకుని నవ్వాను.

అప్పుడు అక్క కూడా నవ్వింది.

కారే ఇల్లని తెలిశాక వ్యాపారి ఇంటికి పోతారనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. కానీ ఉగ్గాని మా మేడ మీద స్టవ్ మీదే ఉంది, గ్రైండరు మళ్లీ మోయడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అందరూ మళ్లీ మా మెట్లే ఎక్కారు, ఈసారి నవ్వుతూ. "చూసి ఎక్కుండ్రి, కారుతదంట" అని ఒకరికొకరు చెప్పుకుంటూ. అక్క ఒక్కో మెట్టుకూ మా తాతను తిడుతూ ఎక్కింది. వ్యాపారి బజ్జీలు తన ఇంటి నుంచి తెప్పించాడు. మొదటి పళ్లెం ఎవరికి ఇచ్చారో నేను చూడలేదు. నేను స్టవ్ దగ్గర పుట్నాల పొడి చల్లుతున్నాను.

మరునాడు పొద్దున్నే తలుపు తట్టారు.

అక్క భర్త ఉలీ సుత్తీ పట్టుకుని, వ్యాపారి సిమెంటు బస్తా ఎత్తిన మేస్త్రీతో, చెప్పుల కొట్టతను నిచ్చెనతో. వెనక కోడలు, నెత్తిన ఇసుక గంప. ఆ వెనక నడుము మీద చేతులు పెట్టుకుని అక్క.

"యాడ పలిగింది సూపియ్యి" అంది.

పగలని పైపు ఎక్కడ పగిలిందని చూపాలి? పక్కింటి వైపు గోడ దగ్గరికి నడిచి, "ఇక్కడ" అన్నాను. మేస్త్రీ ఉలితో కొట్టాడు. లోపల ఇటుక ఎండి ధూళి రాలింది.

"ఇది ఎండిపోయున్నదమ్మా."

"ఇంకొంచెం పక్కన" అన్నాను. కొట్టాడు. మళ్లీ ధూళి. కోడలు ఇసుక గంప దించి, కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. ఆ పిల్లను చూస్తే నాకు నవ్వు ఆగేటట్టు లేదు. నేను గోడనే చూస్తూ నిలబడ్డాను.

అక్క గోడనూ చూసింది, కోడలినీ చూసింది, నన్నూ చూసింది. కొన్ని నెలలకు కోడలే అత్తకు చెప్పిందని, ఇద్దరూ మగ్గంలో పక్కపక్కన కూర్చుని ఆ పూటంతా నేయకుండా నవ్వారని తర్వాత విన్నాను. ఇప్పుడు ఆ పిల్ల తనే వీధంతా చెప్పుకుని నవ్వుతుంది. ఆ పిల్ల నన్ను రాయమంటేనే ఇది రాస్తున్నాను.

కానీ ఆ పొద్దున అక్కకు ఏమీ తెలియదు, లేదా అంతా తెలుసు. "సరే, సిమెంటు పెట్టుండ్రి" అంది మేస్త్రీతో. "దొరసాని కారుతదంటె కారుతది. ఇంక యాడన్న ఉన్నదా?"

లేదని చెప్పి పంపించేయవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి కారుతుందని అన్నాక ఆ మాట అంత బరువుగా లేదు.

"ఉంది" అన్నాను. "పైన."

వాళ్లను మేడ మీదికి తీసుకుపోయాను. హాలు మూలన మా తాతగారి బీరువా ఉంటుంది. దాన్ని ఎన్నేళ్లుగానో ఎవరినీ కదపనివ్వలేదు.

"పట్టుండ్రి" అన్నాను.

నలుగురూ కలిసి బీరువా జరిపారు. వెనక గోడ పై నుంచి కింది దాకా నల్లగా, పచ్చగా, ఉబ్బి, పెచ్చులూడి ఉంది. ప్రతి వానకూ అక్కడ నీళ్లు దిగుతాయి. నేను గుడ్డలు పెట్టి తుడుచుకుంటాను.

మేస్త్రీ ఈల వేయబోయి ఆపుకున్నాడు.

"దీనికి ఒక బస్తా సాలదు" అన్నాడు.

"ఇంకోటి తెప్పిస్త" అన్నాడు వ్యాపారి.

అక్క ఆ గోడను అరచేత్తో తడిమింది, పౌర్ణమి పొద్దున నేలను తడిమినట్టే. చెయ్యి కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నిలబడి ఏం సూస్తున్నవ్ దొరసానీ? నీళ్లు తే. సిమెంటు కలపాలె."

నేను బిందె తీసుకుని మెట్లు దిగాను.